గొట్టానికి జిగురు పట్టాలంటే: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పోయిన నెల కార్బన్ నానోట్యూబుల గురించి రాస్తూ చివర్లో ఒక మాట అన్నాను: ఉక్కును మించిన ఈ గొట్టాల్ని ఎపాక్సీలో ఊరికే కలిపేస్తే లాభం లేదు, ముందు వాటి ఒంటిని రసాయనంతో మార్చాలి అని. ఆ ఒక్క మాట మీద ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. ల్యాబుల్లో ఇదే పని చేస్తున్న పిల్లలు రాశారు, వర్క్‌షాపు నడుపుకునేవాళ్లు రాశారు, ఒక తల్లి రాశారు. అందుకే ఈ నెల పేజీ మొత్తం దీనికే. కొత్తగా చదువుతున్నవాళ్ల కోసం రెండు ముక్కలు. నానోట్యూబులంటే కార్బన్ పరమాణువుల అల్లికతో అయిన, కంటికి కనపడనంత సన్నటి గొట్టాలు; గోడ ఒకటే అయితే సింగిల్‌వాల్, రెండైతే డబుల్‌వాల్, ఒకదాంట్లో ఒకటిగా చాలా ఉంటే మల్టీవాల్. రెండోది, ఇంట్లో విరిగిన సామాను అతికించడానికి రెండు ట్యూబుల్లోంచి చెరికాస్త పిండి కలుపుతామే, ఆ జిగురే ఎపాక్సీ. ఒకదాంట్లో రెసిన్, రెండోదాంట్లో హార్డెనర్. విమానం రెక్కల్లో, గాలిమర బ్లేడుల్లో ఫైబర్ గుడ్డను పట్టి ఉంచేదీ ఆ కుటుంబానికి చెందిన జిగురే.

ప్రశ్న: మేడమ్, నమస్తే. నా ప్రాజెక్టులో ఎల్‌వై 556 రెసిన్‌లో మల్టీవాల్ నానోట్యూబులు 0.5 శాతం కలిపి, హెచ్‌వై 951 హార్డెనర్ వేసి మోల్డులో పోశాను. టెన్సైల్ టెస్టులో (లాగి బలం చూసే పరీక్షలో) ఉత్త ఎపాక్సీ కంటే తక్కువ వచ్చింది. మూడుసార్లు చేశాను, మూడుసార్లూ అంతే. మా గైడ్ గారు యాసిడ్ ట్రీట్‌మెంట్ చెయ్యమంటున్నారు. ఎంతసేపు చెయ్యాలో ఒక్కో పేపర్లో ఒక్కోలా ఉంది. రివ్యూ దగ్గరపడుతోంది, చాలా టెన్షన్‌గా ఉంది.
— ఎం.టెక్ విద్యార్థిని, కాకినాడ

జవాబు: మూడుసార్లూ ఒకేలా వచ్చిందంటే మీరు పని శ్రద్ధగా చేస్తున్నట్టే లెక్కమ్మా, ముందు ఆ టెన్షన్ పక్కన పెట్టండి. మీకొచ్చిన ఫలితం చాలామందికి మొదట్లో వచ్చేదే, కాకపోతే దాన్ని ఎవరూ అచ్చువేయరు.

పల్లెల్లో మట్టిగోడ పెట్టేటప్పుడు మట్టిలో వరిగడ్డి ముక్కలు వేసి తొక్కుతారు, చూసే ఉంటారు. గడ్డిని మట్టిలో వేసి ఒకటి రెండు రోజులు నానబెట్టి మరీ తొక్కుతారు, ఎందుకంటే ఎండుగడ్డి పైన మైనం లాంటి నునుపు ఉంటుంది, నానితేగానీ మట్టి దాన్ని పట్టుకోదు. నానని గడ్డి వేసిన గోడ బీటలిచ్చినప్పుడు చూడండి, గడ్డిపోచలు తెగకుండా జారి బయటికి వచ్చేసి ఉంటాయి. నానోట్యూబుదీ అదే కథ. దాని గోడంతా ఆరు కార్బన్ పరమాణువుల షడ్భుజాలే, ఒక్కో పరమాణువు మూడు పక్కలా బంధాలతో తృప్తిగా ఉంటుంది, బయటివాళ్లతో చెయ్యి కలపాల్సిన అవసరం దానికి లేదు. అందువల్ల ఎపాక్సీ దాని చుట్టూ గట్టిపడుతుందే తప్ప దాన్ని పట్టుకోదు.

రెండో ఇబ్బంది ఇంకా పెద్దది. ఎపాక్సీని పట్టించుకోని ఈ గొట్టాలు ఒకదాన్నొకటి మాత్రం వదలవు. దగ్గరికొచ్చిన పరమాణువుల మధ్య ఉండే వాన్‌డర్‌వాల్స్ ఆకర్షణ ఒక్క పరమాణువు దగ్గర లెక్కలోకి రానంత చిన్నది, కానీ రెండు సింగిల్‌వాల్ గొట్టాలు పక్కపక్కన అంటుకుని ఉంటే ఒక్క మైక్రాన్ పొడవుకే సుమారు 500 ఎలక్ట్రాన్ వోల్టులు అవుతుంది. మరుగుతున్న నీళ్లలో ఉప్మా రవ్వ ఒక్కసారిగా గుమ్మరిస్తే ఉండలు కడుతుంది కదా, ఆ ఉండని చిదిమితే లోపల పొడి రవ్వ అలాగే ఉంటుంది. మీ నమూనాలోని నల్లటి ఉండలూ అంతే, లోపలికి రెసిన్ వెళ్లి ఉండదు. లాగినప్పుడు పగులు మొదలయ్యేది అక్కడే. బలం కోసం వేసిన పదార్థమే లోపమై కూర్చుంటుంది, మీ సంఖ్య తగ్గింది అందుకే.

ఇక యాసిడ్ సంగతి. మీ గైడ్ గారు చెప్పేది గాఢ సల్ఫ్యూరిక్, నైట్రిక్ ఆమ్లాలు మూడుకి ఒకటి పాళ్లలో కలిపి, అందులో గొట్టాల్ని బాత్ సోనికేటర్లో (ధ్వని తరంగాలతో కుదిపే తొట్టిలో) కొన్ని గంటలు ఉంచడం. ఆమ్లం ముందు గొట్టం చివర్లని, వంపుల్ని, అప్పటికే లోపమున్న చోట్లని తింటుంది, తిన్నచోట కార్బాక్సిల్, హైడ్రాక్సిల్ అనే ఆక్సిజన్ ఉన్న సమూహాలు మొలుస్తాయి. అవి ఎపాక్సీ చెయ్యి కలపడానికి దొరికే కొక్కేలు. నీళ్లలో ఆ కార్బాక్సిల్‌లకి రుణావేశం వస్తుంది, గొట్టాలు ఒకదాన్నొకటి తోసుకుని విడిపోతాయి. ఉండల బాధా తగ్గుతుంది, పట్టూ కొంత మెరుగవుతుంది; మీ హార్డెనర్‌తో ఇంకా గట్టి పట్టు కావాలంటే కింద వరంగల్ ప్రశ్నకి జవాబు చూడండి.

మరి ఎంతసేపు? ప్రతి కొక్కెమూ గోడలో ఒక గాయమే. కార్బన్ పరమాణువు దగ్గర కొత్త బంధం పెట్టాలంటే ఆ షడ్భుజాల అల్లిక అక్కడ చెడాలి. అందుకని "ఎక్కువసేపు ఉంచితే ఎక్కువ మంచిది" అనుకోవద్దు. చిన్న లెక్క చూడండి. గొట్టం మీద పూర్తి బరువు పడాలంటే దానికి కనీసం ఇంత పొడవు ఉండాలి అని ఒకటుంది: గొట్టం బలాన్ని వ్యాసంతో గుణించి, జిగురు పట్టుకి రెట్టింపుతో భాగించాలి. వ్యాసం 10 నానోమీటర్లు, బలం 30 గిగాపాస్కల్, పట్టు 30 మెగాపాస్కల్ అనుకుంటే ఆ పొడవు 5 మైక్రాన్లు. రసాయనంతో పట్టును మూడింతలు చేశారనుకోండి, అప్పుడు 1.7 మైక్రాన్లు చాలు. చాలా బాగుంది, కానీ ఆ రసాయనం చేస్తూ చేస్తూ మీరు గొట్టాలన్నిటినీ అర మైక్రాన్‌కి తెగ్గొట్టేస్తే? పట్టు పెరిగీ ప్రయోజనం లేదు. గాఢ ఆమ్లమూ, సోనికేటరూ కలిసి చేసేది సరిగ్గా ఈ తెగ్గొట్టే పనే.

నేను పీహెచ్‌డీలో చేరిన మొదటి ఏడాది గాఢ నైట్రిక్ ఆమ్లంలో 24 గంటలు రిఫ్లక్స్ పెట్టాను, అంటే ఆవిరి చల్లారి మళ్లీ దిగేలా మరిగించాను. రెండు గ్రాములు వేస్తే చివరికి చేతికొచ్చింది గ్రాము కంటే తక్కువ. నీళ్లలో సిరాలా అద్భుతంగా కలిసిపోయింది, సంబరపడ్డాను. నమూనాలు చేసి లాగితే ఉత్త ఎపాక్సీకీ దానికీ తేడానే లేదు. తర్వాత ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో చూస్తే గొట్టాలనే మాట పక్కన పెట్టండి, తరిగిన ముక్కలు కనిపించాయి. ఆ రోజు నుంచి ఎవరడిగినా నేను చెప్పేది ఒకటే: గంట, మూడు గంటలు, ఆరు గంటలు అని మూడు బ్యాచ్‌లు చేసి, 50 డిగ్రీలు దాటకుండా, మూడింటినీ పోల్చి చూడండి. పేపర్లలో ఒక్కోలా ఉండటానికి కారణం కూడా ఇదే, ఒక్కొక్కరి గొట్టాలు ఒక్కో రకం, ఒకరి దగ్గర మూడు గంటలు చాలిన పని ఇంకొకరి దగ్గర గొట్టాన్నే మాయం చేస్తుంది.

కడగడం గురించి పేపర్లలో ఒక్క లైను ఉంటుంది, "పీహెచ్ 7 వచ్చేదాకా కడిగాము" అని. అసలు శ్రమంతా అక్కడే. ముందు ఆ ఆమ్లాన్ని బోలెడు చల్లటి డిస్టిల్డ్ వాటర్‌లోకి కొద్దికొద్దిగా పొయ్యండి, నీళ్లని ఆమ్లంలోకి మాత్రం ఎప్పుడూ పొయ్యొద్దు. ఫిల్టర్‌కి టెఫ్లాన్ మెంబ్రేన్ వాడండి, కాగితాన్ని ఆమ్లం తినేస్తుంది. మొదట నీళ్లు చకచకా దిగుతాయి, రెండో రోజో మూడో రోజో ఒక్కసారిగా చుక్కచుక్కగా మారుతుంది. పంపు పాడైందని కంగారు పడకండి. ఆమ్లం పోయేకొద్దీ గొట్టాలు విడివిడిగా తేలడం మొదలుపెట్టి మెంబ్రేన్ రంధ్రాల్ని కప్పేస్తున్నాయి, మీ రసాయనం పనిచేసిందనడానికి నేను చూసే మొదటి గుర్తు అదే.

అక్కడితో ఆపకండి, ఇంకో మెట్టుంది, మన ల్యాబుల్లో చాలామంది వదిలేసే మెట్టు. ఆమ్లం గొట్టాన్ని తిన్నప్పుడు ఊడిన చిన్నచిన్న కార్బన్ పెళ్లలు, వాటి నిండా కార్బాక్సిల్‌లు, మళ్లీ గొట్టానికే అతుక్కుని కూర్చుంటాయి. వీటిని ఆక్సిడేషన్ డెబ్రీ అంటారు. మామూలు నీళ్లకి పోవు. పలుచటి సోడియం హైడ్రాక్సైడ్‌తో కడిగితే ఫిల్టర్ కింద టీ డికాక్షన్ రంగులో నీళ్లు దిగుతాయి, అదంతా ఆ చెత్తే. అది తీయకుండా ఎపాక్సీలో కలిపితే మీ జిగురు గొట్టాన్ని కాక, గొట్టం మీది పెళ్లని పట్టుకుంటుంది. సున్నం పెచ్చులూడుతున్న గోడ మీద రంగు వేసినట్టే. ఆ తర్వాత కొద్దిగా పలుచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో, మళ్లీ నీళ్లతో కడగండి.

కడిగినదాన్ని ఓవెన్‌లో పెట్టి ఎండబెట్టొద్దు. కార్బాక్సిల్‌లు ఒకదానితో ఒకటి హైడ్రోజన్ బంధాలు కట్టుకుని నల్లటి తారు పెచ్చులా బిగుసుకుపోతుంది, దాన్ని మళ్లీ విడదీయడం మీ తరం కాదు, సోనికేటర్ తరమూ కాదు. ఫ్రీజ్ డ్రయ్యర్ దొరికితే అందులో పెట్టండి. లేకపోతే అసలు ఎండబెట్టకుండానే నీళ్లని ఎసిటోన్‌తో మార్చుకుంటూ, ఆ తడిముద్దనే రెసిన్‌లో కలిపి తర్వాత వేడి, వ్యాక్యూమ్‌తో ఎసిటోన్ తీసెయ్యండి. అయితే ఎసిటోన్ తెచ్చే ముందు నైట్రిక్ ఆమ్లం జాడ కూడా లేదని రెండుసార్లు చూసుకోండి, ఆ రెండూ కలిస్తే పేలుతుంది.

ప్రశ్న: నానోట్యూబుల్ని 1991లో జపాన్‌లో ఇజిమా కనిపెట్టారని మా పుస్తకంలో ఉంది. మా సార్ మాత్రం రష్యావాళ్లు 1952లోనే చూశారంటున్నారు. ఏది రాయాలి? ఎపాక్సీలో మొదట ఎవరు కలిపారు?
— బీఎస్సీ విద్యార్థి, అనంతపురం

జవాబు: మీ సార్ చెప్పింది నిజమే. రాదుష్కెవిచ్, లుక్యానోవిచ్ 1952లో ఇలాంటి గొట్టాల ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ బొమ్మలు రష్యన్ పత్రికలో అచ్చువేశారు. 1976లో ఒబెర్లిన్, ఎండో బృందం కూడా చూపించింది. అయితే గోడల నిర్మాణాన్ని వివరించి ప్రపంచం మొత్తాన్ని అటు తిప్పింది మాత్రం ఎన్‌ఈసీ కంపెనీ ల్యాబులో సుమియో ఇజిమా 1991లో రాసిన పేపరే. పరీక్షలో రెండూ రాయండి.

ఎపాక్సీ విషయంలో మనం గర్వపడే పేరుంది. కేరళ కొడుంగల్లూరులో పుట్టి, బనారస్‌లో చదువుకున్న పుళిక్కల్ అజయన్, తన సహచరులతో కలిసి 1994లో నానోట్యూబుల్ని ఎపాక్సీలో కలిపి గట్టిపరిచి, దాన్ని మైక్రోస్కోప్ కోసం పల్చటి పొరలుగా కోశారు. కోత దెబ్బకి గొట్టాలన్నీ ఒకే దిక్కుకి వరసగా తిరిగి కనిపించాయి. నాకిష్టమైన సంగతేమిటంటే, 1998లో మళ్లీ ఆయనే షాడ్లర్, జియానారిస్‌లతో కలిసి ఎపాక్సీ నుంచి గొట్టానికి బరువు నిజంగా చేరుతోందా అని రామన్ యంత్రంతో (లేజర్ కాంతి చెదిరే తీరుని చూసేది) పరీక్షించారు. నొక్కినప్పుడు చేరింది, లాగినప్పుడు సరిగా చేరలేదు, పై గోడ మాత్రమే బరువు మోస్తూ లోపలి గోడలు జారిపోతున్నాయని తేల్చారు. గొట్టం ఒంటిని మార్చాలన్న ఆలోచనకి బలమిచ్చిన పనుల్లో అదొకటి.

ప్రశ్న: నేను కార్బాక్సిల్ దాకా చేశాను. ఇప్పుడు దాన్ని అమైన్‌గా (నైట్రోజన్ ఉండే సమూహంగా) మార్చడం అవసరమా? థయోనైల్ క్లోరైడ్ అంటే భయంగా ఉంది. అదీకాక ఎఫ్‌టీఐఆర్‌లో (పరారుణ కాంతితో రసాయన సమూహాల్ని గుర్తించే పరీక్షలో) 1720 దగ్గర చిన్న శిఖరం తప్ప నా దగ్గర వేరే ఆధారం లేదు. రివ్యూయర్లు ఒప్పుకుంటారా?
— రీసెర్చ్ స్కాలర్, వరంగల్

జవాబు: అవసరమా లేదా అన్నది మీరు ఎపాక్సీని ఎలా గట్టిపరుస్తున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. కార్బాక్సిల్ కూడా ఎపాక్సీ అణువు కొసనున్న ఉంగరాన్ని తెరుస్తుంది, కానీ దానికి వేడో, ఉత్ప్రేరకమో కావాలి. హెచ్‌వై 951 లాంటి అమైన్ హార్డెనర్‌తో గది ఉష్ణోగ్రతలో గట్టిపరిస్తే కార్బాక్సిల్‌కి ఆ అవకాశమే రాదు, అది ముందు హార్డెనర్‌లోని అమైన్‌తో లవణం కట్టి కూర్చుంటుంది. అదే గొట్టం మీద అమైన్ ఉంటే, అది హార్డెనర్‌కి తోబుట్టువే కాబట్టి, హార్డెనర్‌తో పాటే ఎపాక్సీ వలలో ముడిపడిపోతుంది. సమయోజనీయ బంధం గొట్టం నుంచి వలదాకా తెగకుండా సాగుతుంది.

దీనికి మంచి ఉదాహరణ జర్మనీలో హాంబుర్గ్-హార్బుర్గ్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో గోయ్నీ, షుల్టే బృందం చేసిన పని. 2005లో అచ్చయిన వాళ్ల పేపర్లో అమైన్ పెట్టిన డబుల్‌వాల్ గొట్టాలు 0.5 శాతం వేస్తే ఫ్రాక్చర్ టఫ్‌నెస్, అంటే పగులును ఆపే శక్తి, 43 శాతం పెరిగింది. గట్టిదనం 15 శాతం, లాగుడు బలం 10 శాతం దాకా పెరిగాయి. వాళ్లు సోనికేటర్ మీద ఆధారపడకుండా పెయింటు కంపెనీల్లో రంగు నూరడానికి వాడే మూడు రోలర్ల మిల్లు వాడారన్నది కూడా గమనించండి. అది గొట్టాల్ని అంతగా తెంచదు. డబుల్‌వాల్ ఎంచుకోవడంలోనూ తెలివి ఉంది, పై గోడ రసాయనం కోసం గాయపడుతుంది, లోపలి గోడ చెక్కుచెదరకుండా ఉంటుంది.

థయోనైల్ క్లోరైడ్ భయం మంచిదే, పోగొట్టుకోవద్దు. అది కార్బాక్సిల్‌ని ముందు ఆమ్ల క్లోరైడ్‌గా మారుస్తుంది, ఆ తర్వాత దాని మీద డయమీన్ కూర్చుంటుంది. తేమ తగిలితే హైడ్రోజన్ క్లోరైడ్, సల్ఫర్ డయాక్సైడ్ వాయువులు వస్తాయి. గాజుసామాను ముందురోజు రాత్రే ఓవెన్‌లో పెట్టండి, ఫ్యూమ్ హుడ్ దాటి బయటికి తేవద్దు, వచ్చే వాయువుల్ని క్షారపు ట్రాప్‌లోకి పంపండి. వానాకాలంలో మన ఊళ్లలో గాలి తేమ ఎంత ఉంటుందో తెలుసుగా, ఆమ్ల క్లోరైడ్ చేసిన రోజే తర్వాతి మెట్టు కూడా పూర్తిచెయ్యండి, రేపటికి ఉంచితే మళ్లీ కార్బాక్సిల్ అయిపోతుంది. ఇథిలీన్ డయమీన్ వేసేటప్పుడు బాగా ఎక్కువ వెయ్యండి. తక్కువైతే ఒకే డయమీన్ రెండు చేతులతో రెండు గొట్టాల్ని పట్టుకుని, విడదీద్దామనుకున్నవాటినే కట్టేస్తుంది. అయితే ఆ ఎక్కువైన డయమీన్ అంతా కడిగెయ్యాలి, మిగిలితే హార్డెనర్ లెక్క తప్పుతుంది. ఈ పనికి వాడే ద్రావకం డీఎంఎఫ్ మిగిలినా అంతే, ఎపాక్సీని మెత్తబరిచి గ్లాస్ ట్రాన్సిషన్ ఉష్ణోగ్రతని, అంటే గట్టి ఎపాక్సీ మెత్తబడే ఉష్ణోగ్రతని, దించేస్తుంది, మీరేమో గొట్టాన్ని నిందిస్తారు.

రివ్యూయర్ల సంగతి. 1720 దగ్గరి శిఖరం ఒక్కటీ చాలదు, నేనైనా ఒప్పుకోను. అది గొట్టం మీది కార్బాక్సిలో, పైన చెప్పిన ఆక్సిడేషన్ డెబ్రీదో ఎఫ్‌టీఐఆర్ చెప్పలేదు. నైట్రోజన్‌లో టీజీఏ (వేడి చేస్తూ బరువు తూచే పరీక్ష) చెయ్యండి, సమూహాలు సుమారు 200 నుంచి 500 డిగ్రీల మధ్య ఊడిపోతాయి, ఎంత బరువు పోయిందో తెలుస్తుంది. ఎక్స్‌పీఎస్ (ఎక్స్-రేలతో ఉపరితలాన్ని చూసే పరీక్ష) దొరికితే నైట్రోజన్ ఏ రూపంలో ఉందో, అమైడ్‌గా బంధం కట్టిందో లేక ఊరికే అంటుకుని ఉందో చూపిస్తుంది. రామన్‌లో 1350 దగ్గరి డీ శిఖరాన్ని 1580 దగ్గరి జీ శిఖరంతో పోల్చి గాయం ఎంతో చూడండి, కాకపోతే మల్టీవాల్‌లో మొదటినుంచీ లోపాలు ఎక్కువ కాబట్టి ఆ నిష్పత్తి పెద్దగా కదలదు, సింగిల్‌వాల్‌లో చెప్పినంత స్పష్టంగా చెప్పదు. వీటన్నిటికంటే ముఖ్యం ఒక కంట్రోల్ నమూనా: గొట్టాలు లేకుండా, అదే ద్రావకం వేసి, అదే సేపు సోనికేట్ చేసి, అలాగే తీసేసిన ఉత్త ఎపాక్సీ. ఇది లేని థీసిస్ ఏదైనా నా దగ్గరికి వస్తే నేను మొదట అడిగేది అదే.

ప్రశ్న: మాది చిన్న వర్క్‌షాపు. కార్బన్ ఫైబర్‌తో డ్రోన్ ఫ్రేములు, చేతులు చేస్తాం. రెసిన్‌లో నానోట్యూబులు కలిపితే బలం రెట్టింపవుతుందని ఒక సేల్స్ అతను చెబుతున్నాడు. కొనమంటారా?
— హైదరాబాద్

జవాబు: రెట్టింపు మాట నమ్మకండి సార్. లెక్క మీరే వేసుకోవచ్చు. 0.5 శాతం బరువంటే ఘనపరిమాణంలో సుమారు 0.3 శాతం. గొట్టం గట్టిదనం 1000 గిగాపాస్కల్, అన్ని దిక్కులకీ చెదిరి ఉంటాయి కాబట్టి ఐదో వంతే పనికొస్తుంది. అంటే 0.6 గిగాపాస్కల్. ఎపాక్సీ మామూలుగా 3 ఉంటే 3.6 అవుతుంది, అదీ ఒక్క ఉండ కూడా లేకుండా అంతా సవ్యంగా కుదిరితే. మీ డ్రోన్ చెయ్యి వంగకుండా చూసేది ఫైబరు, దాని ముందు ఈ పెరుగుదల కనపడను కూడా కనపడదు.

కానీ కొనొద్దని కూడా అనను. మీ డ్రోన్ చేతులు ఎలా పాడవుతున్నాయో చూడండి. పడినప్పుడు బోల్టు రంధ్రం దగ్గర పొరలు విడిపోతున్నాయా? అక్కడ ఫైబర్ చేసేదేమీ లేదు, పొరకీ పొరకీ మధ్య ఉన్నది ఉత్త జిగురే. అమైన్ పెట్టిన గొట్టాలు నిజంగా సాయపడేది ఆ జాగాలోనే. ఫైబరే పుటుక్కున విరుగుతుంటే మాత్రం ఆ డబ్బుతో ఇంకో పొర గుడ్డ వేసుకోండి.

మీరు వ్యాక్యూమ్ ఇన్ఫ్యూజన్ చేస్తుంటే, అంటే వ్యాక్యూమ్‌తో రెసిన్‌ని గుడ్డలోకి లాగుతుంటే, ఇంకో చిక్కుంది. గొట్టాలు కలిపిన రెసిన్ చిక్కబడి నెమ్మదిగా పారుతుంది, పైగా గుడ్డే జల్లెడలా పనిచేసి రెసిన్ వచ్చే వైపున గొట్టాల్ని ఆపేస్తుంది. ప్యానెల్ ఒక కొస నల్లగా, రెండో కొస లేతగా వస్తే కారణం అది. చేత్తో పూసే లేఅప్‌కి ఈ బాధ తక్కువ. పొడి కొనకండి, రెసిన్‌లో ముందే నూరి ఇచ్చే మాస్టర్‌బ్యాచ్ కొనండి. అందులో 5 శాతం గొట్టాలుంటే 100 గ్రాముల్లో రెసిన్ 95 గ్రాములే, హార్డెనర్ పదికి ఒకటి పాళ్లలో వేసేవాళ్లు 9.5 గ్రాములే వెయ్యాలి. ఇది మరిచిపోయి జిగురు మెత్తగా మిగిలిందని వాపోయేవాళ్లని చూశాను.

స్థిర విద్యుత్తు పోవడానికి కావాలంటే మాత్రం కథ వేరు. దానికి బలమక్కర్లేదు, గొట్టాలు ఒకదాన్నొకటి తాకుతూ దారి కడితే చాలు. 2003లో ఒక బృందం ఎపాక్సీలో 0.0025 శాతానికే కరెంటు పారే దారి ఏర్పడిందని చూపించింది. 2011లో బయల్దేరిన నాసా వారి జూనో వ్యోమనౌకలోనూ నానోట్యూబు షీట్లని వాడింది స్థిర విద్యుత్తు నుంచి రక్షణకే. ఈ పనికి యాసిడ్ పట్టించని గొట్టాలే మేలు, రసాయనం పెట్టిన ప్రతిచోటా ఎలక్ట్రాన్ దారికి అడ్డు తగులుతుంది. బలమూ, కరెంటూ రెండూ కావాలంటే ఒకే పొడితో కుదరడం కష్టమని ఆ సేల్స్ అతనికి చెప్పండి, ఏ రకం ఇస్తున్నాడో అప్పుడు అడగండి.

ప్రశ్న: అమ్మా, మా అమ్మాయి పీహెచ్‌డీలో ఈ నల్లటి పొడితో పనిచేస్తోంది. ఇంటికొచ్చినప్పుడు చూస్తే గోళ్ల సందుల్లో నలుపు. ఇది ఆస్బెస్టాస్ లాంటిదని ఎక్కడో చదివాను. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు.
— ఒక తల్లి, విజయవాడ

జవాబు: మీ ఆందోళన ఉత్తది కాదమ్మా, అలాగని పాప పని మానేయాల్సినదీ కాదు. 2008లో ఎడిన్‌బరో శాస్త్రవేత్తలు పొడవాటి, తిన్నటి మల్టీవాల్ గొట్టాల్ని ఎలుకల పొట్ట లోపలి పొర దగ్గర పెట్టి చూస్తే ఆస్బెస్టాస్ లాంటి వాపే వచ్చింది. పొట్టివి, చిక్కుపడినవి పెడితే అలా రాలేదు. 2014లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఒక రకం మల్టీవాల్ గొట్టాన్ని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్న పదార్థాల జాబితాలో చేర్చింది. అమెరికాలో నయోష్ అనే కార్మిక ఆరోగ్య సంస్థ 2013లో గాలిలో ఘనమీటరుకి ఒక మైక్రోగ్రామ్ మించొద్దని సూచించింది. ఎంత తక్కువో చూడండి.

ఎపాక్సీలో గట్టిపడిపోయాక గొట్టాలు వాటంతట అవి గాల్లోకి రావు. ప్రమాదం రెండు చోట్ల: పొడిని తూచేటప్పుడు, తయారైన నమూనాని కోసి గరుకు కాగితంతో రుద్దేటప్పుడు. మొదటిది అమ్మాయిలందరికీ తెలుసు, రెండోదాన్ని ఎవరూ పట్టించుకోరు. పొడిని ఫ్యూమ్ హుడ్‌లోనే తూచాలి, గదిలోని సీలింగ్ ఫ్యాన్ ఆపి. నమూనాని తడిపి రుద్దాలి. గుడ్డ మాస్కు, సర్జికల్ మాస్కు పనికిరావు, ముఖానికి బిగుతుగా పట్టే ఎన్95 లేదా అంతకు మించినది పెట్టుకోవాలి. రెండు జతల గ్లౌజులు వేసుకోవాలి, ల్యాబ్ కోటు ఇంటికి తేకూడదు, ఇంటి బట్టలతో కలిపి ఉతకకూడదు. గోళ్లలో నలుపు ఉందంటే గ్లౌజులు సరిగా లేవన్నమాట, తనని కూర్చోబెట్టి అడగండి. గ్లౌజులు లేవంటే గైడ్‌ని అడగమనండి, అడగడానికి మొహమాటపడొద్దనండి. ఆమ్లాల పని రాత్రిపూట ఒంటరిగా చెయ్యొద్దని కూడా నా మాటగా చెప్పండి.

ప్రశ్న: డమాస్కస్ కత్తుల్లో నానోట్యూబులు దొరికాయని, ఆ ఉక్కు మన ప్రాంతానిదేనని విన్నాను. నిజమేనా?
— ఉపాధ్యాయుడు, నిజామాబాద్

జవాబు: 2006లో జర్మనీలోని డ్రెస్డెన్‌లో పౌఫ్లర్ బృందం 17వ శతాబ్దపు ఒక డమాస్కస్ కత్తి ముక్కని ఆమ్లంలో కరిగించి చూస్తే నానోట్యూబుల్లాంటి నిర్మాణాలు కనిపించాయని నేచర్ పత్రికలో రాసింది. అది ఒక్క కత్తి గురించి మాట, అన్ని కత్తులకీ వర్తింపజేయకండి. ఆ రకం కత్తులకి వాడిన ఊట్జ్ ఉక్కు దక్షిణ భారతంలో తయారయ్యేది, మీ జిల్లాలోని కోనసముద్రం దానికి పేరుమోసిన ఊరు. ఊట్జ్ అన్న మాట కూడా మన "ఉక్కు" నుంచే వచ్చిందంటారు. మీ పిల్లల్ని ఒకసారి ఆ ఊరు తీసుకెళ్లండి సార్.

ప్రశ్న: విరిగిన నమూనాని ఎస్ఈఎంలో (స్కానింగ్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో) చూశాను. గొట్టాలు కొన్ని పొడుగ్గా బయటికి వచ్చి ఉన్నాయి, కొన్ని పొట్టిగా తెగి ఉన్నాయి. పొడుగ్గా వచ్చినవి ఉంటే నా ఫంక్షనలైజేషన్ (గొట్టం ఒంటి మీద రసాయన సమూహాలు పెట్టడం) ఫెయిలైనట్టేనా?
— పరిశోధక విద్యార్థి, తిరుపతి

జవాబు: మాగ్నిఫికేషన్ పెంచి, పొడుగ్గా వచ్చినవాటి ఒంటిని చూడండి. మెరుస్తూ నున్నగా, పక్కనే అది ఊడొచ్చిన గుండ్రటి బొక్క శుభ్రంగా ఉంటే, జిగురు దాన్ని పట్టనే లేదు. అదే గొట్టం అసలు వ్యాసం కంటే లావుగా, గరుకుగా, మొదట్లో రెసిన్ చిన్న గుట్టలా పైకి లాగబడి ఉంటే, అది జిగురుని తోడు తెచ్చుకుని మరీ వచ్చింది. పట్టు గట్టిగా ఉంది, తెగింది జిగురు లోపల. పొట్టిగా తెగినవి గొట్టం తెగేదాకా బరువు మోసినవి.

అన్నీ పొట్టిగా తెగి ఉంటే గొప్ప అనుకోకండి. పగులు వచ్చినప్పుడు గొట్టం బిగుతుగా రాసుకుంటూ కొద్దికొద్దిగా బయటికి రావడంలోనే చాలా శక్తి ఖర్చవుతుంది, పగులు నెమ్మదించేది దానివల్లే. కొక్కేలు మరీ ఎక్కువైతే ఒక్కటీ జారదు, అన్నీ ఒకే చోట తెగుతాయి, బలం సంఖ్య బాగుంటుంది కానీ నమూనా గాజులా పగులుతుంది. మీరు చెప్పిన రెండు రకాలూ కలిసి ఉండటం నాకైతే మంచి గుర్తులాగే అనిపిస్తోంది. ఒకే నమూనాలో కనీసం పది చోట్ల ఫొటోలు తీసి, ఏ రకం ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి, ఆ లెక్కని ఫ్రాక్చర్ టఫ్‌నెస్ విలువల పక్కన పెట్టి చూడండి. ఉండలున్న చోట తీసిన ఫొటోలు కూడా దాచిపెట్టకుండా థీసిస్‌లో వెయ్యండి.